పోతుపూల పంచాయితీ

తొమ్మిదో రోజున వచ్చే సద్దుల బతుకమ్మ నాటికి మిద్దె మీద ఒక్క గుమ్మడికాయ కనపడాలి. కనపడలేదా, తెల్లారేసరికి డబ్బాలు, బకెట్లు, మట్టి, తీగ, ఆ తీగను పట్టుకుని వేలాడుతున్న పావనితో సహా అన్నీ కిందికి దిగిపోవాలి. ఇదీ ఇంటామె జోగులమ్మ పెట్టిన షరతు.

షరతు పెట్టిన రోజు ఆమె చేతిలో తడిసిన చీర ఒకటి ఉంది. నిజానికి ఆ చీర మీద, పొద్దంతా నడుం వంచి పెట్టిన సగ్గుబియ్యం వడియాలు ఉండాల్సింది. మిద్దె తూములోంచి పావని డబ్బాల నీళ్లు దబదబా పడేసరికి వడియాలు మళ్లీ జావైపోయి చీర కొసల నుంచి కారుతున్నాయి.

"మూడు నెలల సంది చూస్తున్న పావనీ. ఆకులాయె, తీగలాయె, పూలాయె. కాయేది? నా వడియాలకు తానం పోసుడు తప్ప నీ తోట చేసిన పనేందే?"

"కూర వస్తుంది గద పెద్దమ్మా. పాలకూర, పుంటికూర, మెంతికూర..."

"అవి మేకలు గూడ తింటయి. కాయ చూపియ్యి."

"వంకాయలు కాసినయి పెద్దమ్మా."

"కాసినయి. కోతులు తిన్నయి. నా మిద్దె నీకు కిరాయికిచ్చిన్నా, కోతులకిచ్చిన్నా?"

కింద ఇంట్లో జోగులమ్మ, ఆమె భర్త బాలయ్య. పైన రెండు గదుల్లో పావని, సామాన్ల ఆటో నడిపే ఆమె భర్త జయరాజు, మూడేళ్ల కూతురు అమ్ములు. ఆ పైన మిద్దె. వనపర్తిలో కొత్తకోట రోడ్డు వైపున్న ఆ గల్లీలో ఇల్లయినా ఇంకోటి దొరుకుతుందేమో గాని, మిద్దె వాడుకోనిచ్చే ఇల్లు ఇంకోటి దొరకదు.

మిద్దె లేకపోతే పావనికి ఊపిరాడదు. అదేమీ పచ్చదనం మీద ప్రేమ కాదు, భయం. ధరూరు దిక్కు పల్లెలో పుట్టిన పావని ఏడో తరగతి సగంలో బడి మానేసి, కంపెనీల విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలల్లోకి కూలికి పోయింది. మందు కొట్టిన మర్నాడు చేనులో దిగితే ఏ వాసన వస్తుందో ఆమె ముక్కు ఇప్పటికీ మరిచిపోలేదు. పెళ్లై, పిల్ల పుట్టి, ఆ పిల్ల అన్నం తినడం మొదలుపెట్టాక, అంగడిలో ఏ కాయ చేతిలోకి తీసుకున్నా అది ముందు ముక్కు దగ్గరికే పోయేది. టమాటలు ఉప్పునీళ్లలో ఒకసారి, చింతపండు నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో రెండుసార్లు కడిగేది. కడిగి మళ్లీ వాసన చూసేది.

"అవి టమాటలా, పురిటి పిల్లలా? గన్ని తానాలేందే వాటికి?" అని జయరాజు అడిగేవాడు.

నవ్వేవాళ్లు నవ్వుతారు. అంగన్‌వాడీ చీటీలో అమ్ములు బరువు చుక్క ఆకుపచ్చ గీత దిగి పసుపు గీతలోకి జారిన నాడు పావనికి రెండు రోజులు ముద్ద మింగుడు పడలేదు. మూడో రోజు జయరాజును తోలి, ఖాళీ రంగు డబ్బాలు పది తెప్పించింది. అప్పటి నుంచి అమ్ములు నోట్లోకి పోయే కూరలో సగమైనా మిద్దె మీదిదే. ఆ కూర తరిగేటప్పుడు మాత్రం పావని వాసన చూడదు. రోజు మొత్తంలో ఆమెకు గుండె నిమ్మళంగా ఉండే పని అదొక్కటే. డబ్బాలు దించేస్తే అదీ ఉండదు.

కాబట్టి గుమ్మడికాయ కాయాలి. కోతులు వంకాయలకు, టమాటలకు మరిగాయి గాని గుమ్మడి ఆకుల నూగు వాటికి గిట్టలేదు. మిద్దె మీద కాయ అనేది చూడాలంటే ఆ తీగ మీదే చూడాలి. తీగ కూడా ఏపుగా పెరిగింది. పిట్టగోడ ఎక్కింది, బట్టల దండెం పట్టింది, జయరాజు బనీను ఒకటి చుట్టేసింది. పిందెలు కూడా పడుతున్నాయి. గోలీ కాయంత పిందె, దాని కొసన పువ్వు. పువ్వు విచ్చుకున్న మూడో రోజుకు పిందె పసుపు తిరిగి, నాలుగో రోజుకు రాలి కింద పడేది.

వనపర్తి చుట్టుపక్కల మిద్దెల మీద కూరగాయలు పండించుకునేవాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. దానికి పెద్ద రాఘవేందర్ సారు, రిటైరైన లెక్కల పంతులు. ఏ తెగులుకైనా ఆయన మందు ఒకటే, పుల్లటి మజ్జిగ. పావని రాస్తే తప్పులు పోతాయని భయపడి గొంతుతోనే మెసేజీలు పెట్టేది. "సార్, పిందెలు రాలుతున్నయి, మస్తు పరేషాన్ అయితుంది, జర ఏమన్న చెప్పుర్రి" అని ఆమె అంటుంటే వెనక అమ్ములు ఏడుపు, కుక్కర్ కూత కూడా గ్రూపు మొత్తానికి వినపడేవి. సారు మజ్జిగ అన్నాడు. నాగర్‌కర్నూలు ఆమె ఎవరో ఇంగువ నీళ్లు అంది. కల్వకుర్తి ఆయన ఒకరు గుడ్డు పెంకుల పొడి అన్నాడు. పావని ఏదీ వదలలేదు. మజ్జిగ, ఇంగువ, గుడ్డు పెంకులు అన్నీ పడ్డాక జయరాజు ఒకనాడు మిద్దె మీదికి వచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఇంక జర కరివేపాకు ఏస్తే తీగనే తినొచ్చు" అన్నాడు.

దిష్టి తగిలిందేమో అనుకుని పావని నల్లకుండకు సున్నపు కళ్లు, పళ్లు గీసి కట్టెకు బోర్లించింది. దాన్ని చూసి అమ్ములు జడుసుకుని ఒకపూట జ్వరం తెచ్చుకుంది. పిందెలు మాత్రం జడుసుకోలేదు. రాలుతూనే ఉన్నాయి.

పూలకు కరువు లేదు. వినాయక చవితి నుంచి రోజూ పదో పన్నెండో, బంగారు రంగులో, అరచెయ్యంత వెడల్పున విచ్చుకునేవి. తెల్లవారుతూనే జోగులమ్మ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, వాటిని దేవుళ్ల కోసం తెంపుకుపోయేది. ఆ తెంపడంలో ఆమెకో గొప్ప నియమం ఉంది. పిందె ఉన్న పువ్వు జోలికి చచ్చినా పోదు. కింద పిందె లేకుండా ఉత్త కాడ మీద పూసే పోతుపూలనే తెంపుతుంది.

"పిందె పువ్వు తెంపితే పాపం గాదా? నాకు గంత తెల్వదా? పోతుపూలు ఉంటే మాత్రం ఏం ఫాయిద? కాసేటియా పెట్టేటియా? పొద్దెక్కితే వాడిపోయేటియే" అని దిగుతూ దిగుతూ చెప్పేది.

పావనికీ అది న్యాయమే అనిపించింది. షరతు పెట్టిన మనిషి అయినా పిందెల జోలికి పోవడం లేదు గదా అని లోలోపల ఆమెకు దండం కూడా పెట్టుకుంది.

బతుకమ్మ పండుగ మొదలయ్యాక గల్లీ అంతా మిద్దె ఎక్కింది. గుమ్మడి పువ్వు లేనిదే గౌరమ్మను ఎక్కడ కూర్చోబెడతారు? ఎదురింటి రాధమ్మ, మూలమీది ఇంటి జయశ్రీ, ఇంకా నలుగురైదుగురు చేతుల్లో పళ్లేలతో తయారు. జోగులమ్మ మెట్ల మీద నిలబడి అందరికీ తన నియమం చెప్పి పైకి వదిలేది.

"పోతుపూలే! పిందెను ముట్టిండ్రో, మంచిగుండదు!"

ఎవరూ ముట్టలేదు. పిందెలు అన్నీ క్షేమంగా తీగ మీదే ఉండి, నాలుగో రోజుకు క్షేమంగా రాలిపోయాయి.

ఐదో రోజు అట్ల బతుకమ్మ. ఆ పొద్దున ఇంకో పిందె రాలింది. సాయంత్రం పావని అమ్ములును చంకనేసుకుని గల్లీ చివరికి ఆటకు పోయింది. మనసు ఆటలో లేదు గాని పోకపోతే, చూశావా మొహం చాటేసింది అంటారు. నడుమ బతుకమ్మలు వరుసగా పెట్టి ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పావని కూడా ఒక చేత్తో పిల్లను పట్టుకుని ఇంకో చేత్తో తొడ చరుచుకుంటూ తిరుగుతోంది. తిరుగుతూ బతుకమ్మల నెత్తి మీదికి చూసింది.

రాధమ్మ బతుకమ్మ మీద నాలుగు గుమ్మడి పూలు. జయశ్రీది చిన్నదే గాని దాని మీదా రెండు. జోగులమ్మదాని మీద ఐదు, గుండ్రంగా. అన్నీ పోతుపూలే. అన్నింటి నడుమా పసుపు పచ్చటి పుప్పొడి. ఆ పుప్పొడి రాలి కింద గునుగు పూల మీద, తంగేడు పూల మీద పడుతోంది. ఎవరికీ పనికిరాకుండా పడుతోంది.

పావని టక్కున ఆగిపోయింది. వెనక వస్తున్న రాధమ్మ వచ్చి ఆమె వీపుకు కొట్టుకుంది.

పదేళ్ల కిందటి పత్తి చేను కళ్ల ముందుకు వచ్చింది. మధ్యాహ్నం నుంచి రేపటి మొగ్గలు ఒలవాలి. మర్నాడు పొద్దున్నే మగ వరుసల నుంచి తెంపిన పూలు ఒళ్లో పోసుకుని, ఒలిచిన ప్రతి ఆడమొగ్గకూ పుప్పొడి రుద్దుకుంటూ పోవాలి. క్రాసింగు అంటారు దాన్ని. ఏ మొగ్గనైనా మరిచిపోతే రెండు మూడు రోజులకు అది రాలి కింద పడేది. "ఎవతిదే ఈ సాలు?" అని మేస్త్రీ చేను దద్దరిల్లేటట్టు అరిచేవాడు. ఆ అరుపులు పావని ఎన్ని తిన్నదో లెక్కలేదు. అంత తెలిసి కూడా ఇంటి గుమ్మడిని ఆ లెక్కలో ఎన్నడూ పెట్టలేదు. పత్తి అంటే కంపెనీ పని. గుమ్మడి అంటే ఊళ్లో పెంటకుప్ప మీద పడ్డ గింజ. దానంతట అదే మొలిచి, కొట్టం మీదికి పాకి, కాసేది. దానికీ ఒక మొగుడు కావాలని ఎవరనుకున్నారు? పెంటకుప్ప మీది గుమ్మడి సంగతి తుమ్మెదలు చూసుకునేవి. ఇక్కడ తుమ్మెదలు లేచేసరికే జోగులమ్మ లేస్తుంది.

"ఓయమ్మో! నా తీగకు ఒక్క మొగోన్ని గూడ మిగల్చలే గదనే మీరందరు కల్సి!" అనేసింది పావని, పైకే.

"పండుగపూట అవేం మాటలే పావనీ?" అని రాధమ్మ బుగ్గలు నొక్కుకుంది. "జరుగు, ఆట ఆగిపోయింది."

పావని ఆట వదిలేసి ఇంటికి ఉరికింది. పొద్దు గుంకక ముందే మిద్దె మీద తీగంతా వెతికింది. ఒక్క పిందె పువ్వు, మొగ్గ కొసన పసుపు రంగు తిరిగి, రేపు విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంది. మిగిలిన రెండు పిందెల మొగ్గలు ఇంకా కందిగింజంతే. అవి విచ్చుకునేది సద్దుల నాడో ఆ మర్నాడో. అప్పుడు రుద్దినా అది నిలిచిందో లేదో షరతు లోపల తేలదు. అంటే ఉన్నది ఈ ఒక్కటే. రేపు విచ్చుకునే పోతుమొగ్గలు మూడు కనపడ్డాయి.

రేపు ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. అమ్మవారు అలుగుతుందని ఆ ఒక్కరోజు ఎవరూ బతుకమ్మ పేర్చరు. పేర్చరు కాబట్టి ఎవరూ పూలు తెంపరు. అమ్మవారు తన కోసమే అలిగిందని పావనికి అనిపించింది. అమ్ములు బుగ్గ మీద గట్టిగా ఒక ముద్దు పెట్టింది. అమ్ములు తుడిచేసుకుంది.

తెల్లారింది. పావని పిల్లను చంకనేసుకుని, మెట్లు తడిగా ఉన్నాయేమోనని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ పైకి వెళ్లింది. పిందె పువ్వు విచ్చుకుని ఉంది. నడుమ మూడు పాయల గుబ్బ, తేనె పూసినట్టు జిగటగా మెరుస్తోంది. పోతుపూల దిక్కు తిరిగింది. మూడు కాడలున్నాయి. మూడు కాడల కొసల నుంచీ నీటి చుక్కలు కారుతున్నాయి. పూలు లేవు.

ఎక్కినంత జాగ్రత్తగా దిగలేదు. కింద జోగులమ్మ వాకిట్లో చాయ తాగుతోంది. పక్కన బాలయ్య పేపరు చదువుతున్నాడు.

"పెద్దమ్మా! ఇయ్యాల అలిగిన బతుకమ్మ గద! పూలెవరు తెంపిండ్రు?"

"నేనే. బతుకమ్మ అలిగింది గాని మా ఇంట్ల దేవుండ్లు అలిగిండ్రా?"

"మూడూ తెంపినవా?"

"మూడే పూసినయి. నీ తీగ పని అయిపోయినట్టే ఉందే."

"ఒక్కటి నాకియ్యి పెద్దమ్మా. నీ కాళ్లు మొక్కుత. ఎండ ఎక్కితే పువ్వు ముడుచుకుంటది."

"దేవునికి పెట్టిన పువ్వు తీసి నీకెట్లిస్తనే? ఏం చేసుకుంటవ్ దాన్ని?"

పావనికి ఆయాసంలో మాటలు ముందువి వెనకకీ వెనకవి ముందుకీ వచ్చాయి. "పిందె పువ్వుకు రుద్దాలె. పోతుపువ్వు పుప్పొడి తగలకపోతే పిందె నిలవదు. సీడు పత్తిల మేం గట్లనే చేస్తుంటిమి. ఇన్ని దినాలు పోతుపూలు లేకనే పెద్దమ్మా, పిందెలన్ని..."

అక్కడికి వచ్చాక ఎవరితో ఏం అంటున్నదో గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆలస్యమైంది.

"పిందెలన్ని?" అంది జోగులమ్మ, చాయ గ్లాసు కింద పెట్టి.

"రాలినయి."

"అంటే నేను రాలగొట్టిన్ననా?" జోగులమ్మ లేచి నిలబడింది. "ఏమయ్యా, విన్నవా! పాపమొస్తదని పిందెను ముట్టకుండ, కండ్లకద్దుకుని తెంపితే, పిందెలను నేను సంపిన్ననంట! పండుగపూట!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. రాధమ్మ జడ అల్లుకుంటూ కిటికీలో నిలబడింది.

బాలయ్య పేపరు దించకుండానే, "పత్తిల గట్లనే చేస్తరు" అన్నాడు.

"పత్తి సంగతి నీకేం తెల్సు? బస్సుల టికెట్లు కొట్టినోనివి!"

"ధరూరు బస్సుల నాలుగేండ్లు కొట్టిన. పొద్దున బస్సు నిండ క్రాసింగు కూలోళ్లే. రుద్దకపోతే కాయ నిలవదని తొవ్వ పొడుగున అదే ముచ్చట."

జోగులమ్మ భర్త దిక్కు చూసింది, పావని దిక్కు చూసింది, కిటికీ దిక్కు చూసింది. పువ్వు ఇస్తే పిందె నిలవొచ్చు. నిలిస్తే ఇన్నాళ్లూ రాలగొట్టింది తనే అని తేలుతుంది. ఇవ్వకపోతే, తేలుతుందని భయపడి ఇవ్వలేదని మధ్యాహ్నానికల్లా గల్లీ అంతా అంటుంది. ఆమె కాసేపు ఈ రెంటినీ తూచుకుంది.

"సరే. రుద్దు. నేనూ వచ్చి చూస్త. ఈ పిందె గూడ రాలిందనుకో, తప్పు జోగులమ్మది గాదని గల్లీల అందరి ముందర నువ్వే చెప్పాలె. చెప్పి నీ డబ్బాలు దించుకోవాలె."

"చెప్త పెద్దమ్మా. జల్ది."

దేవుని అర్ర గడప బయట పావని ఆగింది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నా ఆమె ఆ గడప దాటింది లేదు. రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని ఆమె అడగలేదు. లోపల గోడకు మూడు పటాలు. జోగులమ్మ లక్ష్మీదేవి పటం మీది పువ్వు తీసి తెచ్చింది. నడుమ కుంకుమ అద్ది, పైన పసుపు నీళ్లు చిలకరించి ఉంది.

"ఇది తడిసింది పెద్దమ్మా. తడిస్తే పుప్పొడి పనికిరాదు."

వెంకన్న పటం మీది పువ్వు తెచ్చింది. దాని నడి గుబ్బలో అగరుబత్తి గుచ్చి ఉంది. అదీ వెలిగించి.

పావని నోరు తెరిచింది.

"మరెక్కడ గుచ్చాలె?" అంది జోగులమ్మ. "పొద్దున్నే స్టాండు కనపడలే."

మిగిలింది ఒక్కటి. అన్నిటికంటే ఎత్తున, దూలం పక్కన, బీచుపల్లి ఆంజనేయుని పటం మీద. అంత ఎత్తు అందక జోగులమ్మ ఆ పువ్వును రోజూ కట్టె కొసతో ఎగేసి తగిలిస్తుంది. అందుకని దానికి కుంకుమ లేదు, నీళ్లు లేవు, పొగ లేదు. పొడిగా, పుప్పొడి రాలకుండా పటం అంచు మీద కూర్చుని ఉంది.

"అదే కావాలె పెద్దమ్మా!"

"అది గూడదు."

"ఎందుకు?"

"ఎందుకంటవేందే? ఆయన బ్రహ్మచారి! ఆయన నెత్తి మీది పువ్వు తీసుకుపోయి లగ్గం చేస్తవా?"

పావని అమ్ములును గట్టిగా హత్తుకుంది. అది నిజమే గదా. రేపు అమ్ములుకు ఏమైనా అయితే? ఆంజనేయుడు అసలే భయం తీర్చే దేవుడు. ఆయనకే కోపం వస్తే ఆ భయం ఎవరికి చెప్పుకోవాలి? బయట ఎండ వాకిట్లో సగం దాకా వచ్చేసింది. పైన పువ్వు ముడుచుకుంటూ ఉంటుంది.

బాలయ్య అప్పుడు పేపరు దించాడు. "పెండ్లి ఆయన చేసుకోలే, సరే. మొగుడు పెండ్లాల నడుమ ఉంగరం మోసిందెవరు? ఆయనే గద. ఇదీ గసొంటి పనే."

జోగులమ్మ పటం దిక్కు తల ఎత్తి చూసింది. ఆయన మొహంలో అభ్యంతరమేమీ కనపడలేదు.

"కట్టెతోని దించితే పుప్పొడి రాలుతది పెద్దమ్మా."

"నా మోకాళ్లకు స్టూలు ఎక్కుడు కాదు. ఈయనకు ఎక్కితే తల తిరుగుతది. నిలబడి చూస్తున్నవేందే, వచ్చి ఎక్కు."

"లోపలికా?"

"వాకిట్ల స్టూలు ఏసుకుంటే అందుతదా మరి?"

పావని అమ్ములును ఆమె చేతికిచ్చి, గోనెపట్టా మీద రెండుసార్లు కాళ్లు తుడుచుకుని, గడప దాటి, స్టూలెక్కి, దేవునికి దండం పెట్టి పువ్వు తీసింది. దిగేటప్పుడు అమ్ములు చెయ్యి చాచి పువ్వును అందుకోబోయింది. ముగ్గురు పెద్దలు ఒకేసారి "ఏయ్!" అని అరిచారు. అమ్ములు బావురుమంది.

మెట్ల మీద ముందు పావని, గాలికి దీపం ఆరకుండా పట్టుకున్నట్టు పువ్వు చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టుకుని. వెనక రొప్పుతూ, ఏడుస్తున్న అమ్ములుతో జోగులమ్మ. ఆ వెనక బాలయ్య. సగం జడతో రాధమ్మ కూడా రోడ్డు దాటి వచ్చేసింది.

తీగ దగ్గర కూర్చోగానే పావని వేరే మనిషైంది. పోతుపువ్వు రేకులు ఒక్కొక్కటే చింపి పారేసింది.

"అయ్యో, అయ్యో, గట్ల బట్టలూడదీసినట్టు..." అంది జోగులమ్మ.

"రేకులు అడ్డమొస్తయి పెద్దమ్మా."

నడుమ గుబ్బను పట్టుకుని, పిందె పువ్వులోని మూడు పాయలకూ మెల్లగా, తిప్పి తిప్పి రుద్దింది. పసుపు పొడి అంటుకుంది. తర్వాత చీర కొంగు నుంచి ఒక దారం పోగు లాగి, ఇంకేదీ లోపలికి పోకుండా పిందె పువ్వు మూతి కట్టింది. అంతా కలిపి అమ్ములు ఏడుపు ఆగేలోపల అయిపోయింది.

"గంతేనా?" అంది జోగులమ్మ.

"గంతే."

"మంత్రం గింత్రం ఏం లేదా?"

"లేదు పెద్దమ్మా."

"గీ మాత్రం దానికి గింత లొల్లి చేస్తివి" అని జోగులమ్మ దిగిపోయింది. దిగేముందు మాత్రం దారం గట్టిగా ఉందా లేదా అని వంగి చూసింది.

ఆ తర్వాత రెండు రోజులు పావని మిద్దె ఎక్కింది ఎన్నిసార్లో చెప్పడం కష్టం. పాలు పొంగించింది, పప్పు మాడ్చింది. ఏడో రోజు మధ్యాహ్నం వాన వస్తే పిందె మీద గొడుగు పట్టుకుని కూర్చుంది. "నాకు జరమొచ్చి దవాఖానల ఉన్ననాడు గూడ గిట్ల పట్టలే" అని జయరాజు కిందనుంచి అరిచాడు. వాన వెలిసాక ఎవరివో అడుగుల చప్పుడు వినపడింది. చూస్తే జోగులమ్మ.

"వడియాలకు జాగ చూసుకుందామని వచ్చిన" అంది, మబ్బు పట్టిన ఆకాశం కింద నిలబడి. జాగ మాత్రం సరిగ్గా గుమ్మడి డబ్బా దగ్గరే చూసుకుంది. మర్నాడు కోతులు వచ్చినప్పుడు పావని అన్నం వదిలి ఉరికేసరికే ఆమె కట్టె పట్టుకుని పిట్టగోడ వెంట తరుముతూ ఉంది. మోకాళ్ల సంగతి కోతుల ముందు ఆమెకు గుర్తు రాలేదు.

సద్దుల నాడు తెల్లారింది. పావనికి పైకి పోవడానికి కాళ్లు రాలేదు. జయరాజును పంపింది. వెంటనే దిగొచ్చాడు.

"ఉందా?"

"ఉంది."

"పసుపుగుందా, పచ్చగుందా?"

"నేను మంచిగ చూడలే. కాయ లెక్క ఉంది. పైన పెద్దమ్మ కూసుంది, దగ్గరికి రానిస్తలేదు."

పావని పరుగెత్తింది. జోగులమ్మ డబ్బా పక్కన గొంతు కూర్చుని, కళ్లద్దాలు ముక్కు కొసకు దించి చూస్తోంది. పిందె కాడ లావెక్కింది. మెడ కిందికి వంచుకుంది. వాడిన పువ్వు కొసన వేలాడుతోంది గాని పిందె మాత్రం ముదురాకు పచ్చగా, నూనె రాసినట్టు, పెద్ద నిమ్మకాయంతై ఉంది. మీద ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు.

పావనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కాయ అయినట్టే గద పెద్దమ్మా?"

"ఇది కాయనా? నిమ్మకాయంత లేదు. దీనికి పులుసు పెడితే ఒక్కనికి గూడ సాలదు."

"రాలలే గద పెద్దమ్మా! నిలిస్తే కాయే" అంది మెట్ల మీద నుంచి రాధమ్మ. పండుగ పూల కోసం పళ్లెం పట్టుకుని వచ్చింది. ఆమె వెనక జయశ్రీ, ఆ వెనక ఇంకా ఆరుగురు.

జోగులమ్మ కళ్లద్దాలు తీసి చీర చెంగుతో చాలాసేపు తుడిచింది. ఏ తప్పు ఎవరిదని ఆమె అనలేదు, పావనీ అడగలేదు.

"ఆ తూము కాడి డబ్బాలు నాలుగు గీ మూలకు జరుపు" అంది చివరికి. "నా వడియాల మీద మళ్ల చుక్క పడితే చెప్త నీ పని. మిగిలినయి ఉండనీ. బొట్టు పెట్టినంక దించమంటే మంచిగుండదు."

అంటూనే లేచి, అలవాటు కొద్దీ పక్కనున్న పోతుపువ్వు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుంది.

"తెంపొచ్చునా?" అని అడిగింది.

ఆ ఇంట్లో జోగులమ్మ ఎవరి సెలవైనా అడగడం పావని వినడం అదే మొదలు. తీగ దిక్కు చూసింది. కందిగింజంత ఉండిన మొగ్గలు రెండూ ఆ పొద్దునే విచ్చుకుని ఉన్నాయి.

"జర ఆగు పెద్దమ్మా. ఈ రెండింటికి రుద్దుత. ఏ పోతుపువ్వుకు పుప్పొడి మంచిగుందో చూసుకోని తీసుకుంట. పని అయినంక మిగిలినయన్ని మీవే. గప్పుడు వాటితోని తీగకేం పనిలేదు. రోజూ గట్లనే చేద్దాం."

"విన్నరా!" జోగులమ్మ గిర్రున తిరిగి, రెండు చేతులూ బార్లా చాపి మెట్లకు అడ్డం నిలబడింది. "ఆగుర్రే! ఒక్కతన్న పైమెట్టు ఎక్కిందంటే చూడుర్రి. ఈడ లగ్గం నడుస్తుంది."

"మేం సద్దులు కలుపుకోవాలె పెద్దమ్మా! ఐదు తీర్ల అన్నాలు! ఎంతసేపే?" అంది రాధమ్మ.

"ఎంతసేపైతే గంతసేపు. ఆడపిల్ల దిక్కోళ్లం మేం. మేం చెప్పినప్పుడే."

పావని తల వంచుకుని రేకులు చింపుతోంది. కింద వాకిట్లో నుంచి బాలయ్య గొంతు వినపడింది, చాయ ఎప్పుడు పెడతావని.

"లగ్గం అయ్యేదాక చాయ లేదు!" అని జోగులమ్మ గల్లీ అంతటికీ వినపడేటట్టు అరిచింది.